ఫిరంగరోగ చికిత్సలో దంపతులు: నెల్లూరు తీర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
16వ శతాబ్దంలో ఆయుర్వేదం ఒక కొత్త వ్యాధిని ‘ఫిరంగరోగం’ అన్న పేరుతో గుర్తించింది. తెలుగు వాడుకలో దీనినే పరంగి రోగం, సవాయి అన్నారు. ఈ వ్యాధి శరీర సంపర్కం వల్ల వస్తుందని చెప్పిన గ్రంథమే, చికిత్సను వివరించేటప్పుడు పురుషుణ్ణి మాత్రమే రోగిగా ఊహించింది. స్త్రీ నిదానంలో కారణంగా, పథ్యంలో నిషేధంగా కనిపించింది. ఆమె అనుభవించిన రోగం మరొక అధ్యాయంలో, మరొక పేరుతో నమోదైంది. పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు వర్తకులు స్థావరాలు ఏర్పరచుకున్న పులికాట్, నెల్లూరు తీరాన్ని నేపథ్యంగా తీసుకొని, ఆయుర్వేద గ్రంథాలను, వ్యాధి నామాలను, ఔషధాలను పరిశీలించి ఈ విభజన స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫిరంగరోగం, భావప్రకాశం, ఉపదంశం, పథ్యం, యోనివ్యాపత్తులు, సుగంధిపాల, నెల్లూరు తీరం.

1. ఉపోద్ఘాతం:
వివాహితులలో ఒకరికి సుఖవ్యాధి సోకినప్పుడు రెండవవారిని కూడా పరీక్షించాలి, అవసరమైతే చికిత్స చేయాలి. ఒక్కరికే మందు ఇస్తే వ్యాధి ఇంట్లోనే నిలిచి ఉంటుంది, నయమైనవారికి మళ్లీ సోకుతుంది. నేటి వైద్యంలో ఇది ప్రాథమిక సూత్రం. అయితే ఈ సూత్రానికి కావలసిన జ్ఞానం, అంటే వ్యాధి ఒకరి నుంచి మరొకరికి సంక్రమిస్తుందన్న ఎరుక, ఆధునిక కాలానికి ముందే మన వైద్యంలో ఉంది. ఎరుక ఉన్నా దంపతులను కలిపి చూసే చికిత్స ఎందుకు రూపొందలేదన్నది ఇక్కడి ప్రశ్న. దీనికి సమాధానం ఔషధాల జాబితాలో కంటే గ్రంథం రోగిని ఊహించుకున్న తీరులో దొరుకుతుంది.

2. తీరం, వర్తకం, వ్యాధి:
వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు. 16వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే పోర్చుగీసు వర్తకులు కోరమండల్ తీరంలోని పులికాట్‌లో స్థిరపడ్డారు. ఆ తరువాత అక్కడికే వచ్చిన డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను ఏర్పాటు చేసుకున్నారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో పులికాట్‌కు ఉత్తరాన ఉన్న దుగరాజపట్నంలో స్థావరం నెలకొల్పింది. వారి పత్రాలలో దీని పేరు ఆర్మగాన్. ఫ్రాన్సిస్ డే ఇక్కడి అధికారిగా ఉండి, 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. మద్రాసుకు ముందు ఈ తీరంలో ఇంగ్లీషువారికి ఆశ్రయం ఇచ్చినవాటిలో నెల్లూరు సీమ ఒకటి. రంగుల అద్దకపు బట్టలు, వాటికి ఎరుపునిచ్చే చిరువేరు ఈ వర్తకానికి ఆధారాలు. నేత, అద్దకం, పడవ నడపడం, మూటలు మోయడం వంటి పనుల ద్వారా తీరగ్రామాలు విదేశీ స్థావరాలతో నిత్య సంబంధంలో ఉన్నాయి.

ఈ స్థావరాల సామాజిక స్వరూపం మన అంశానికి ముఖ్యం. ఓడలలో వచ్చినవారు అధికంగా పురుషులు. 1510లో గోవాను పట్టుకున్న తరువాత అల్బుకర్క్ తన మనుషులు స్థానిక స్త్రీలను వివాహమాడడాన్ని ప్రోత్సహించాడు. అలా పెండ్లాడి స్థిరపడినవారిని ‘కసాదోలు’ అన్నారు. పోర్చుగీసు భాషలో ఈ మాటకు వివాహితులు అని అర్థం. పులికాట్‌లోనూ కసాదోల కుటుంబాలు ఉండేవి. కాబట్టి ఈ తీరంలో విదేశీ సంపర్కమన్నది రేవు వీధుల వ్యవహారం మాత్రమే కాదు. అది సంసారాలలోకి కూడా ప్రవేశించింది.

3. వ్యాధి నామాలలోని దృష్టి:
ఐరోపాలో ప్రతి దేశమూ ఈ వ్యాధిని పొరుగుదేశానికి అంటగట్టింది. ఇటలీవారు ఫ్రెంచి రోగమన్నారు, ఫ్రెంచివారు నేపుల్స్ రోగమన్నారు. మనవారు ఫిరంగరోగమన్నారు. ఫ్రాంకులను సూచించే పదం పారశీకం ద్వారా ‘ఫిరంగి’గా వచ్చి తెలుగులో ‘పరంగి’ అయింది. ఈ ఒక్క మాట చుట్టూ తెలుగులో ఒక చిన్న పదకుటుంబం ఏర్పడింది. తోపుకు ఫిరంగి, చికిత్సకు వాడే దుంపకు పరంగి చెక్క, కొన్ని ప్రాంతాలలో బొప్పాయికి పరంగి కాయ, వ్యాధికి పరంగి రోగం. సముద్రం మీదుగా వచ్చిన ఆయుధం, మందు, పండు, రోగం ఒకే పేరును పంచుకున్నాయి.

మిగిలిన పేర్లు వ్యాధిని మరొక వైపు నుంచి చూపుతాయి. మూత్రంలో మంటతో కనిపించే వ్యాధిని తెలుగులో ‘సెగ’ అన్నారు. 18వ శతాబ్దంలో నెల్లూరు ఆర్కాటు నవాబుల పాలనలో ఉంది. ఆ కాలపు యునానీ వైద్యం ఈ వ్యాధులను ‘ఆతషక్’, ‘సూజాక్’ అని వ్యవహరించింది. ఆతష్ అంటే నిప్పు, సూజ్ అంటే మంట. సెగ వ్యాధిలో మంట పురుషులలో ప్రస్ఫుటంగా తెలుస్తుంది. స్త్రీలలో ఆ వ్యాధి చాలా సందర్భాలలో ఏ లక్షణమూ లేకుండానే లోపల పెరుగుతుంది. అంటే రోగానికి పేరు పెట్టింది పురుషుని అనుభవం. ‘సుఖవ్యాధి’ అన్న మాటను కూడా ఈ దృష్టితోనే పరిశీలించాలి. సుఖం కోరి వెళ్లినవారికి వచ్చే వ్యాధి అని దాని అర్థం. ఇల్లు కదలకుండానే భర్త వల్ల రోగం పొందిన భార్యకు ఆ పేరులో చోటు లేదు. ఆమె తన రోగాన్ని ఆ పేరుతో చెప్పుకొంటే తప్పు ఒప్పుకొన్నట్లే అవుతుంది.

4. నిదానంలో స్త్రీ:
ఫిరంగరోగానికి పూర్వమే ఆయుర్వేదంలో ‘ఉపదంశం’ ఉంది. సుశ్రుత సంహిత నిదానస్థానం దీనిని పురుషాంగానికి కలిగే వ్యాధిగా వర్ణించింది. అతిగా సంభోగించడం, అతిగా బ్రహ్మచర్యం పాటించడం, రజస్వలతోనో, యోనిరోగం ఉన్న స్త్రీతోనో కలయిక మొదలైనవి అక్కడ చెప్పిన కారణాలు. యోనిరోగం గల స్త్రీ వల్ల పురుషునికి వ్యాధి వస్తుందని ఆ గ్రంథానికి తెలుసు. పురుషుని వల్ల స్త్రీకి రావడం మాత్రం ఆ వర్ణనలో భాగం కాలేదు. అదే సంహిత కుష్ఠం, జ్వరం, శోషం, నేత్రాభిష్యందం ఒకరి నుంచి ఒకరికి సంక్రమిస్తాయని, దానికి శరీరస్పర్శ, సహభోజనం, ఒకే శయ్యపై పడుకోవడం వంటివి కారణాలని చెప్పింది. కాబట్టి సంక్రమణ భావన లోపించిందని అనలేం.

16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుడు ‘భావప్రకాశం’లో ఫిరంగరోగాన్ని ప్రత్యేక వ్యాధిగా నిరూపించాడు. ఇది ఫిరంగ దేశంలో అధికంగా ఉంటుందని, ఆగంతుకమని, ఫిరంగీయుల అంగసంసర్గం వల్ల, ఫిరంగి స్త్రీలతో కలయిక వల్ల కలుగుతుందని చెప్పాడు. బాహ్యం, ఆభ్యంతరం, రెండు లక్షణాలూ కలిసినది అని మూడు భేదాలు చూపాడు. బాహ్యం విస్ఫోటాల వలె ఉండి సులభంగా సాధ్యమవుతుంది. ఆభ్యంతరం కీళ్లను పట్టి ఆమవాతం వలె బాధిస్తుంది. మూడవదానిలో ఈ రెండూ కనిపిస్తాయి. దోషప్రకోపాన్ని మాత్రమే మూలకారణంగా చెప్పక, వ్యాధి బయటి నుంచి వచ్చిందని గుర్తించడం ఆ కాలానికి గొప్ప పరిశీలన.

అయితే ఈ నిదానాన్ని కోరమండల్ తీరానికి అన్వయించి చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. ఇక్కడి స్థావరాలలో ఫిరంగి స్త్రీలు అరుదు. ఫిరంగీయులతో కాపురం చేసినవారు, వారితో సంబంధం ఉన్నవారు స్థానిక స్త్రీలు. వ్యాధి ఆ స్త్రీల నుంచి స్థానిక పురుషులకు, ఆ పురుషుల నుంచి వారి భార్యలకు చేరే మార్గమే ఇక్కడ ప్రధానమై ఉండాలి. గ్రంథం మాత్రం పరదేశపు స్త్రీ దగ్గరే ఆగిపోయింది. రోగం పరాయిదని చెప్పినంత స్పష్టంగా, అది ఇంటిదైపోయిన తరువాతి కథను చెప్పలేదు.

5. చికిత్స, పథ్యం: వంటింటి సాక్ష్యం:
భావప్రకాశం ఫిరంగరోగానికి చెప్పిన ప్రధానౌషధం రసకర్పూరం. ఇది పాదరస సమ్మేళనం, తీవ్రమైన విషగుణం కలది. గోధుమపిండితో చిన్న గిన్నె వంటి ఆకారం చేసి, మందును అందులో ఉంచి, బయటికి రాకుండా గుళికగా చుట్టి, లవంగాల పొడి అద్ది, పండ్లకు తగలకుండా నీళ్లతో మింగాలి. తరువాత తాంబూలం వేసుకోవాలి. పాదరసం నోటిని పుండు చేస్తుందన్న అనుభవం ఈ జాగ్రత్త వెనుక ఉంది.

రెండవ ఔషధం చోపచీని, అంటే పరంగి చెక్క. చీనా నుంచి ఓడలలో వచ్చిన ఈ దుంప 16వ శతాబ్దంలో ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు వెసాలియస్ 1546లో దీనిపై ఒక లేఖాగ్రంథం ప్రకటించాడు. గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అక్కడే అచ్చయిన తన సంభాషణల గ్రంథంలో దీనిని చర్చించాడు. భావప్రకాశం దీని చూర్ణాన్ని తేనెతో తీసుకోమంది.

పథ్య నియమాలు మన చర్చకు కీలకం. రసకర్పూరం తీసుకొనేవాడు కూరలు, పులుపు, ఉప్పు మానాలి. శ్రమ, ఎండ, నడక వదలాలి. విశేషించి స్త్రీసంగమం మానాలి. చోపచీని తీసుకొనేవాడు ఉప్పు మానాలి, మానలేకపోతే సైంధవ లవణం వాడుకోవచ్చు. నిదానంలో ‘దేహులు’ అన్న సామాన్యపదం ఉన్నా, రోగి స్త్రీని దూరంగా ఉంచాలన్న ఈ ఒక్క నియమంతో గ్రంథం ఎవరిని రోగిగా భావించిందో తేలిపోతుంది. భార్య ఇక్కడ పులుపు, ఉప్పు, ఎండలతో పాటు వర్జించవలసిన వాటి జాబితాలో చేరింది.

పథ్యం అమలయ్యేది వంటింట్లో. తెలుగువారి ఇంట్లో, అందులోనూ ఇసకపల్లి, కృష్ణపట్నం వంటి ఉప్పుమళ్ల సీమలో, చింతపండు పులుసు లేని, ఉప్పు లేని అన్నం ఒక్క మనిషికి వేరుగా వండవలసి రావడం ఇంటిల్లిపాదికీ తెలిసే విషయం. వండేది భార్యో, తల్లో. ఇల్లాలికి భర్త రోగం పేరు ఎవరూ చెప్పకపోయినా, వేరు వంట, వేరు పడక, నోటిపూత ఆమెకు ఎంతో కొంత చెప్పే ఉంటాయి. ఇది గ్రంథం చెప్పిన మాట కాదు. గ్రంథం విధించిన నియమాల నుంచి చేయదగిన ఊహ. ఆ ఊహ సరైనదైతే, భర్త చికిత్స ఆమె శ్రమ మీదనే నడిచింది. అదే చికిత్సలో ఆమె రోగిగా మాత్రం లెక్కకు రాలేదు.

6. పారిస్ చాక్లెట్:
18వ శతాబ్దపు ఐరోపా పద్ధతితో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 1775లో పారిస్‌లో లెఫెబ్యూర్ ద సాంతిల్‌దెఫోన్స్ అనే వైద్యుడు పాదరసం కలిపిన చాక్లెట్‌ను సుఖవ్యాధుల మందుగా ప్రచారం చేశాడు. భర్త దానిని భార్య ఎదుటే తినవచ్చు, ఆమెకు కూడా తినిపించవచ్చు, ఆమెకు అనుమానం రాదన్నది ఆ మందుకున్న ఆకర్షణ. అక్కడి వైద్యుడు దంపతులిద్దరికీ మందు అవసరమని గ్రహించాడు. కాని భర్త పరువును కాపాడడానికి భార్యకు తెలియకుండా ఆమె శరీరంలోకి పాదరసాన్ని పంపడానికి సిద్ధపడ్డాడు.

అక్కడ భార్యకు మందు అందింది, సమాచారం అందలేదు. ఇక్కడ సమాచారం కొంత అంది ఉండవచ్చు, మందు అందలేదు. రెండింటిలోనూ వైద్యునితో మాట్లాడింది భర్త ఒక్కడే. తన రోగమేమిటో తెలుసుకొని, తన చికిత్సకు తానే సమ్మతించే వ్యక్తిగా భార్య ఏ పద్ధతిలోనూ కనిపించదు.

7. భార్య రోగానికి మరొక పేరు:
భావప్రకాశం ఫిరంగరోగానికి కార్శ్యం, బలక్షయం, నాసాభంగం, అగ్నిమాంద్యం, అస్థిశోషం, అస్థివక్రత అని ఆరు ఉపద్రవాలు చెప్పింది. ముక్కుదూలం కుంగడాన్ని, ఎముకలు వంకరపోవడాన్ని గుర్తించిన సూక్ష్మదృష్టి ప్రశంసనీయం. ఈ ఆరింటిలో గర్భస్రావం లేదు, మృతశిశువు జననం లేదు. ఇవి సవాయి సోకిన గర్భిణులలో కనిపించే ముఖ్య పరిణామాలని నేడు మనకు తెలుసు.

ఆ పరిణామాలు వేరొక చోట ఉన్నాయి. చరక సంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయం 20 యోనివ్యాపత్తులను వివరిస్తుంది. వాటిలో ‘పుత్రఘ్ని’ అన్నదానిలో గర్భాలు మళ్లీ మళ్లీ నశిస్తాయి. అదే అధ్యాయంలో పురుషుల ధ్వజభంగం కూడా ఉంది. రోగగ్రస్తమైన యోని గల స్త్రీతో కలయిక దాని కారణాలలో ఒకటి. స్త్రీరోగమూ పురుషరోగమూ ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉన్నా, పుత్రఘ్నికి చెప్పిన కారణం వాతదోషమే. భర్త నుంచి భార్యకు వ్యాధి రావడమన్న రెండవ దిశను అక్కడ గీయలేదు. పుత్రఘ్ని అంతా సవాయి అని ఇక్కడి వాదం కాదు. గర్భనష్టానికి కారణాలు అనేకం. సవాయి వల్ల కలిగిన గర్భనష్టం కూడా ఈ పేరు కిందికే చేరేదని, అలా చేరిన తరువాత భర్త రోగంతో దాని సంబంధం తెగిపోయేదని మాత్రమే చెప్పదలచినది.

వాడుకలో ఈ విభజన ఇంకా గట్టిగా ఉంది. స్త్రీకి వచ్చినది తెల్లబట్ట, ఎర్రబట్ట. బిడ్డలు దక్కనిది మృతవత్స, ఒక్క కాన్పుతో ఆగినది కాకవంధ్య, అసలు కడుపు పండనిది గొడ్రాలు. ఈ పేర్లలో చివరి మూడు రోగాన్ని చెప్పవు, మనిషినే లోపంగా చెబుతాయి. మగవాడు రెండవ పెళ్లి చేసుకోవడానికి ‘గొడ్రాలు’ అన్న మాటే చాలిన కారణం. మద్రాసు రాష్ట్రంలో 1949 నాటి చట్టం వచ్చేవరకు హిందూ పురుషుని బహుభార్యాత్వానికి చట్టపరమైన అడ్డు లేదు. భర్త నయం కాని రోగి అయిన చోట, రెండవ పెళ్లి రోగాన్ని మరొక స్త్రీకి చేర్చే మార్గం కూడా అయింది.

స్త్రీని స్వతంత్రమైన రోగిగా చూసే మార్పు 20వ శతాబ్దపు తెలుగు ఔషధ వ్యాపారంలో కొంత కనిపిస్తుంది. ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలో, 1875లో ఇనమనమెళ్లూరులో జన్మించిన డా. కె.ఎన్. కేసరి మద్రాసులో కేసరి కుటీరాన్ని నెలకొల్పారు. అక్కడ తయారైన ‘లోధ్ర’ స్త్రీల వ్యాధుల మందుగా తెలుగునాట ఇంటింటికీ పరిచయమైంది. ఆయనే 1928లో ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించారు. మందు గురించి నేరుగా స్త్రీతో మాట్లాడడం కొత్త విషయం. ‘స్త్రీల వ్యాధి’ అన్న విభాగం మాత్రం పాతదే.

8. సుగంధిపాల: తీరంలోని ఔషధం:
రసకర్పూరం, పరంగి చెక్క ధనం పెట్టి కొనవలసినవి. నెల్లూరు తీరంలోనే దొరికే ఔషధం సుగంధిపాల. రక్తశుద్ధికి, చర్మరోగాలకు, మేహానికి దీని వేరును మన వైద్యంలో వాడారు. సవాయి చికిత్సలో అమెరికా నుంచి ఐరోపాకు వచ్చే సార్సపరిల్లాకు ప్రత్యామ్నాయంగా ఇంగ్లీషు వైద్యులు దీనిని స్వీకరించారు. 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలో ఇది చోటు చేసుకొంది. నేడు వేసవిలో తాగే నన్నారి షర్బత్ ఈ వేరుతో చేసినదే.

1835లో శ్రీహరికోట కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చాక, అక్కడి యానాదులు చిరువేరు, తేనె, కుంకుడుకాయలు, ముషిణి గింజలతో పాటు సుగంధిపాలను కూడా సేకరించి అప్పగించేవారు. మూలికా జ్ఞానం గల ఈ సమాజం వేరు తవ్వింది, ప్రభుత్వం దానిని సరుకుగా లెక్కించింది. పాదరసంతో పోలిస్తే ఇది అపాయం లేని మందు. కాని సవాయిని కలిగించే సూక్ష్మజీవిని ఇది నాశనం చేయలేదు. పుండ్లు కాలక్రమంలో తమంతట తాము మానడం, వ్యాధి లోపల నిద్రాణంగా ఉండడం సవాయి స్వభావం. కాబట్టి మందు ఏదైనా, పుండు మానిన భర్త నయమయ్యాననుకొని సంసారానికి తిరిగి వచ్చేవాడు. దంపతులకు అసలు ప్రమాదం ఆ దశలోనే ఉండేది.

9. చట్టం, ప్రయోగశాల:
బ్రిటిష్ పాలన ఈ వ్యాధిని సైనికుల ఆరోగ్య సమస్యగా చూసింది. 1868 నాటి అంటువ్యాధుల చట్టం వేశ్యలుగా గుర్తించిన స్త్రీలను నమోదు చేసి, బలవంతంగా పరీక్షించి, ‘లాక్ హాస్పిటల్స్’ అనే ప్రత్యేక వైద్యశాలలలో ఉంచింది. వారి వద్దకు వెళ్లిన పురుషులకు ఆ నిర్బంధం లేదు. ఈ చట్టం 1888లో రద్దయింది. సుశ్రుతుని నిదానంలోని దృష్టి ఇక్కడ పోలీసు అధికారాన్ని తోడు తెచ్చుకొంది. స్త్రీ కారణం, పురుషుడు బాధితుడు. ఇంట్లోని భార్య ఈ లెక్కలో కూడా లేదు.

దంపతులు వైద్యచర్చలో కేంద్రానికి రావడానికి 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలు పట్టింది. ఫ్రెంచి వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోర్నియే 1880లో సవాయి, వివాహాల సంబంధంపై ప్రత్యేక గ్రంథం రాశాడు. 1905లో షౌడిన్, హోఫ్‌మన్ వ్యాధికారక సూక్ష్మజీవిని కనుగొన్నారు. 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష, 1910లో సాల్వర్సాన్, 1943లో పెన్సిలిన్ వచ్చాయి. వీటిలో మన అంశానికి రక్తపరీక్ష అత్యంత ముఖ్యం. పుండు లేని భార్యలో కూడా వ్యాధిని అది చూపగలిగింది. గ్రంథాలు రెండు అధ్యాయాలలో విడదీసిన రోగం ఒక్కటేనని నిరూపించే సాధనం అలా దొరికింది.

10. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. ఆయుర్వేదం ఫిరంగరోగాన్ని బయటి నుంచి వచ్చిన సంక్రమణ వ్యాధిగా సరిగానే గుర్తించింది. దంపతులకు ఉమ్మడి చికిత్స లేకపోవడానికి సంక్రమణ జ్ఞానం లోపించడం కారణం కాదు.

2. నిదానంలో స్త్రీ కారణం, పథ్యంలో నిషేధం, చికిత్సలో ఆమె కనిపించదు. పథ్య నియమాలే గ్రంథం ఊహించిన రోగి పురుషుడని తెలుపుతున్నాయి.

3. భార్య అనుభవించిన రోగం యోనివ్యాపత్తు, తెల్లబట్ట, గొడ్డుతనం అన్న పేర్ల కిందికి చేరింది. ఆ పేర్లు భర్త రోగంతో దాని సంబంధాన్ని కప్పివేశాయి.

4. ఉప్పులేని పథ్యం భర్త చికిత్సను భార్య శ్రమపై ఆధారపడేలా చేసింది. 1775 నాటి పారిస్ చాక్లెట్ భార్యకు మందిచ్చి నిజం దాచింది. రెండు పద్ధతులూ ఆమెను స్వతంత్ర రోగిగా గుర్తించలేదు.

5. పులికాట్‌లోని కసాదో కుటుంబాలు, ఈ తీరంలోని వర్తక స్థావరాలు, శ్రీహరికోట సుగంధిపాల ఈ చరిత్రకు స్థానికమైన ఆధారభూమిని ఇస్తున్నాయి.

వ్యాధి నామాలు కేవలం భాషా విషయాలు కావు. భర్తకు సవాయి, భార్యకు గొడ్డుతనం అని రెండు పేర్లు పెట్టినంతకాలం ఒకే రోగానికి ఒకే చికిత్స సాధ్యం కాలేదు. నేటి వైద్యశాలలో భర్తను, భార్యను కలిపి పరీక్షకు పిలవడం మామూలు విషయంగా కనిపించవచ్చు. ఆ పిలుపు వెనుక కొన్ని శతాబ్దాలపాటు తన రోగం పేరు తెలియకుండా, ‘గొడ్రాలు’ అనిపించుకొని వెళ్లిపోయిన స్త్రీలు ఉన్నారు. ప్రాచీన వైద్యగ్రంథాలను చదివేటప్పుడు ఒక అధ్యాయంలోని ఉపద్రవాలను మరొక అధ్యాయంలోని స్త్రీరోగాలతో కలిపి చదివితేనే వారి చరిత్ర మనకు అందుతుంది.